యాభై ఏళ్ళు లేత్ ముందు నిలబడ్డవాడిగా చెబుతున్నా: ఊళ్ళో మిషన్ పెట్టుకో, చెవులు మాత్రం కాపాడుకో

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఐటీఐలో టర్నర్, అంటే లేత్ పని చదివి, ఐదేళ్ళుగా హైదరాబాదు బాలానగర్‌లో సీఎన్‌సీ, అంటే కంప్యూటరు నడిపే మిషన్ మీద పనిచేస్తున్నావు. సొంతూరు అడ్డతీగల దగ్గర. కొండలూ ఏరూ వదిలి ఆ షెడ్డులో ఉండలేకపోతున్నానని రాశావు. ఊరొచ్చేసి పాత లేత్ (ఇనప ముక్కని తిప్పుతూ చెక్కే మిషన్) ఒకటి పెట్టుకుందామంటే మీ మామయ్య ‘లేత్ పనివాడి ఒళ్ళు యాభై దాటితే పనికిరాదు, పైగా ఊళ్ళో ఆ పని మీద ఇల్లు గడవదు’ అన్నారట. అందులో నిజమెంత అని నీ ప్రశ్న.

నాకు డెబ్బై రెండేళ్ళు. 1969లో పదహారేళ్ళప్పుడు రాజమండ్రిలో ఒక వర్క్‌షాపులో ఇనప రజను ఊడ్చే కుర్రాడిగా చేరాను. 1978 నుంచి గోకవరంలో నా సొంత షెడ్డు. ఇవాళ పొద్దున ఒక మోనోబ్లాక్ పంపుకి (మోటారూ పంపూ ఒకటిగా ఉండేది) బుష్, అంటే ఇరుసు తిరిగే గొట్టం ముక్క, చేసి ఇచ్చాకే ఇది రాయడానికి కూర్చున్నాను. మనవడి వయసువాడివి కాబట్టి నువ్వు అనే అంటున్నాను, ఏమనుకోకు.

సూటిగా చెప్పాలంటే, ఇల్లు గడుస్తుంది. ఒళ్ళు కూడా నిలుస్తుంది. కానీ బాలానగర్‌లో చేసే పనినే ఊళ్ళో చేద్దామనుకుంటే మొదటిది జరగదు. పొద్దు వాలాక కూడా మిషన్ ఆపకపోతే రెండోది జరగదు. మీ మామయ్య అన్నది ఉత్తమాట కాదు. ఆయన చెప్పినట్టే అయిపోయినవాళ్ళని నేనూ చూశాను. ఎందుకలా అయ్యారో కూడా చూశాను.

ముందు పని సంగతి. మీ దగ్గర ఒకే ముక్క వెయ్యి చేస్తారు. ఇక్కడ వెయ్యి రకాల ముక్కలు ఒక్కొక్కటి చేస్తాం. ఊరి లేత్ బతికేది తయారీ మీద కాదు, మరమ్మతు మీద. నట్లూ బోల్టులూ చేసి అమ్ముదామనుకున్న కుర్రాళ్ళు ఇద్దరు మా రోడ్డులోనే షెడ్డు తీసి, రెండేళ్ళకి మూసేశారు. లూధియానా నుంచి పెట్టెల్లో వచ్చే బోల్టు ధరకి మన దగ్గర రాడ్డు కూడా రాదు. కానీ దమ్ము మధ్యలో రోటావేటర్ షాఫ్టు (ఇరుసు) విరిగితే ఆ రైతు లూధియానా వెళ్ళడు, నీ దగ్గరికే వస్తాడు. నాట్లకి నీళ్ళు పెట్టాల్సిన రోజున పంపు పట్టేస్తే నీ షెడ్డు ముందే ఆటో ఆపుతాడు.

నీకు ఇప్పటిదాకా డ్రాయింగ్ ఇచ్చి చెయ్యమన్నారు. ఇక్కడ డ్రాయింగ్ ఉండదు, విరిగిన ముక్క ఒక్కటే ఉంటుంది. అది చదవడం రావాలి. షాఫ్టు రాగానే కొలవడానికి వెర్నియర్ తియ్యకు. విరిగిన ముఖాన్ని కిరసనాయిలుతో కడిగి వెలుతురులో చూడు. ఆల్చిప్ప మీది గీతల్లా వరసగా వలయాలు కనబడి, ఒక పక్క మాత్రం గింజలు గింజలుగా గరుకుగా ఉంటే అది ఆ రోజు విరిగింది కాదు. ఎప్పుడో సన్నని పగులు మొదలై, తిరిగిన ప్రతిసారీ కొంచెం కొంచెం లోపలికి పాకి, చివరికి మిగిలిన కాస్త లోహం బరువు మొయ్యలేక తెగిపోయింది. ఆ వలయాలు ఎక్కడ మొదలయ్యాయో వేలు పెట్టి వెతుకు. నూటికి తొంభైసార్లు అది కీవే (గేరు జారకుండా చీల దిగే గాడి) మూలలోనో, సైజు మారే మెట్టు దగ్గరో ఉంటుంది.

ఏలేశ్వరం వైపు నుంచి ఒక రైతు చెరకు గానుగ షాఫ్టు తెచ్చాడు. ఒకే సీజనులో మూడోసారి విరిగిందట. రెండుసార్లు వేరే చోట వెల్డింగ్ చేయించాడు, మూడోసారి ‘ఇంకా గట్టి ఉక్కు వెయ్యండి బాబాయ్’ అంటూ నా దగ్గరికొచ్చాడు. ఉక్కు తప్పు కాదది. గేరు కూర్చునే మెట్టు దగ్గర టూల్‌తో, అంటే లేత్ మీద ఇనుము కోసే ఉలితో, తొంభై డిగ్రీల మూల తీశారు, కత్తితో కోసినట్టు. పగులు అక్కడే పుట్టింది. పైగా ఈఎన్ 8 లాంటి కార్బన్ ఎక్కువున్న ఉక్కుని ముందు వేడి చెయ్యకుండా వెల్డింగ్ పెడితే, అతుకు పక్కన గాజులా పెళుసవుతుంది. అందుకే అతుకు ఊడకుండా దాని పక్కనే విరుగుతూ వచ్చింది. అదే ఉక్కుతో కొత్త షాఫ్టు తీసి, మెట్టు దగ్గర గుండ్రటి ముక్కున్న టూల్‌తో 3 మిల్లీమీటర్ల వంపు వదిలాను. వాళ్ళ ఊరెళ్ళి బేరింగులు రెండూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో దారం కట్టి చూసి, ఒకదాని కింద రేకు పెట్టాను. ఆ షాఫ్టు పదకొండు సీజన్లు నడిచింది. ఆ రైతు వల్ల ఆ చుట్టుపక్కల ఊళ్ళ పని మొత్తం నాకొచ్చింది.

మరమ్మతు అంటే చౌక పని కాదు, తప్పెక్కడుందో కనిపెట్టే పని. నీ సీఎన్‌సీ చదువు వృథా పోదు. కొలత మీద నీకున్న పట్టు ఇక్కడ చాలామందికి లేదు. 40 మిల్లీమీటర్ల షాఫ్టు తిరిగే బుష్‌లో మిల్లీమీటరులో వందకి నాలుగు వంతుల (0.04) సందు వదలాలంటే ‘చేత్తో తిప్పితే తెలుస్తుంది’ అనే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. నువ్వు మైక్రోమీటర్‌తో చెప్పగలవు. అయితే చేత్తో తిప్పి తెలుసుకోవడం కూడా నేర్చుకో.

ఇంకొకటి. ఏ పని మీదా జీవితాంతం అని నమ్మకం పెట్టుకోకు. నేను నేర్చుకునే రోజుల్లో రాజమండ్రి షాపులో సగం పని గోదావరి లాంచీలది. పాపికొండల మీదుగా భద్రాచలం వైపు తిరిగే లాంచీల ప్రొపెల్లర్ షాఫ్టులు, వాటి గన్‌మెటల్ బుష్‌లు. వేసవిలో నీళ్ళు తగ్గి ఇసక మేటలు తేలితే బుష్‌లు వారాల్లో అరిగిపోయేవి. రోడ్లు పడ్డాక ఆ పని పోయింది. సొంత షెడ్డు పెట్టినప్పుడు ఆయిలింజన్ల కాలం. రాజ్‌కోట్‌లో చేసిన లిస్టర్ తరహా ఇంజన్లు, నిమిషానికి 650 తిప్పులతో ఊరంతా వినబడేలా కొట్టుకునేవి. వాటి థ్రెడ్లు (మరలు) పాత ఇంగ్లీషు కొలతలవి, 55 డిగ్రీల కోణం. మెట్రిక్ థ్రెడ్ 60 డిగ్రీలు. రెంటినీ కలిపి బిగించి పాడుచేసిన సిలిండర్ హెడ్లు ఎన్ని వచ్చేవో. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక ఇంజన్లు మూలపడ్డాయి. ఏడాదిన్నర పాటు నాకు నిద్ర లేదు. తర్వాత మోనోబ్లాకులూ సబ్‌మెర్సిబుల్సూ వచ్చి ఆ ఖాళీ నింపాయి. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లుల్లో కర్రపెండలం తురిమే డ్రమ్ముల పని వచ్చింది. ఇప్పుడు దమ్ము చక్రాలు, రోటావేటర్లు, వరికోత మిషన్లు. రేపు ఇంకేదో వస్తుంది. దేనికైనా తిరిగే షాఫ్టు ఉంటుంది, దానికో బేరింగు ఉంటుంది. అరగడం దానికి తప్పదు.

నోటుబుక్కు పెట్టుకో. ఇది నేను చెప్పే వాటిలో ఖర్చు లేనిది, ఎక్కువ ఉపయోగపడేది. 1979 నుంచి చేసిన ప్రతి ముక్క కొలతా, ఎవరి మిషన్‌దో, ఎందుకు విరిగిందో రాసుకున్నాను. ముప్ఫై ఒక్క పుస్తకాలయ్యాయి. ఇప్పుడు రైతు ఫోన్ చేసి ‘మన పంపు బుష్ పోయింది’ అంటే, అతను బస్సు దిగేలోపు బుష్ తయారుగా ఉంటుంది. పది కిలోమీటర్ల అవతల ఇంకో షాపు ఉన్నా అతను నా దగ్గరికొచ్చేది అందుకే.

ఇక ఒళ్ళు. నీ అసలు భయం ఇదేనని నాకర్థమైంది.

లేత్ మనిషిని మెల్లగా అరగదీస్తుంది. ఒక్కసారిగా దెబ్బ కొట్టేది మాత్రం మన తొందర. నా ఎడమ చూపుడువేలి కొస 1983లో పోయింది. షాఫ్టు తిరుగుతుండగా ఎమరీ గుడ్డని వేళ్ళకి చుట్టి పట్టుకుని పాలిష్ చేస్తున్నాను. సాయంత్రం ఏడున్నర, రైతు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గుడ్డ షాఫ్టుకి చుట్టుకుంది, వేలినీ లాక్కుపోయింది. ఆ రోజు నుంచి ఎమరీని చెక్క బద్దకి అంటించి వాడతాను, చేతికి చుట్టను. ఆకురాయి పట్టాలంటే పిడి ఎడమచేత్తో పట్టుకోవడం నేర్చుకో, చెయ్యి చక్ (ముక్కని పట్టుకుని తిప్పే పట్టు) మీదుగా వెళ్ళదు. చక్ తాళం చక్‌లో పెట్టి చెయ్యి తీశావంటే, ఆ రెండు సెకన్లకే అయినా, అది తప్పు. తాళం మీద చెయ్యి ఉండాలి, లేదా తాళం బల్ల మీద ఉండాలి. చేతి తొడుగులు లేత్ దగ్గర వద్దు, ఉంగరం వద్దు, మెళ్ళో తువ్వాలు వద్దు, లుంగీ అసలే వద్దు. ఊళ్ళో షెడ్డు కదా అని లుంగీతో నిలబడేవాళ్ళని చూస్తే నాకు కడుపులో దేవుతుంది.

పాత రకం ట్యూబులైట్ ఒక్కటే పెట్టి పని చెయ్యకు. అది సెకనుకి వందసార్లు ఆరి వెలుగుతుంది. కొన్ని వేగాల దగ్గర తిరుగుతున్న చక్ ఆగినట్టు కనబడుతుంది. ఆగిందనుకుని చెయ్యి పెట్టినవాడు మా వైపు ఉన్నాడు. మిషన్ మీద విడిగా మంచి బల్బు పెట్టుకో.

కళ్ళు. గ్రైండర్ రవ్వ కంట్లో పడితే తువ్వాలు కొసతోనో, పక్కవాడి సూదితోనో తీయించుకోవడం మా తరం అలవాటు. ఇనప రవ్వ గంటల్లోనే తుప్పు పట్టి నల్లగుడ్డు మీద వలయం వదులుతుంది. సూదితో గీకితే మచ్చ మిగులుతుంది. కంటి డాక్టరు దగ్గరికే వెళ్ళు. అద్దాలు పెట్టుకుంటే వెళ్ళాల్సిన పనే ఉండదు. వెల్డింగ్ మంట ఒట్టి కంటితో చూస్తే ఆ రాత్రి కళ్ళల్లో ఇసక పోసినట్టుంటుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది కదా అని దాన్ని మామూలు చేసుకోకు.

కాళ్ళు. సిమెంటు నేల మీద పదిగంటలు నిలబడితే పిక్కల్లో నరాలు ఉబ్బుతాయి. కాళ్ళ కింద చెక్క పీట వేసుకో. నేను టేకు బద్దలతో చేయించుకున్నది ముప్ఫై ఏళ్ళుగా ఉంది. వాడేసిన పాత ఆయిల్‌తో చేతులు తడిసి ఉండనివ్వకు. ఒరుసుకుపోవడం, దురద అలానే మొదలవుతాయి. నూనె గుడ్డ జేబులో పెట్టుకోకు.

చెవుల సంగతి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను పోగొట్టుకున్నది అదే.

నాకు మొదటి నుంచీ పని అయిపోయాక అడవికో ఏటికో పోవడం అలవాటు. మా నాన్న గాలం వేసేవాడు, నాకు అదే వచ్చింది. ఆదివారం షెడ్డు తియ్యను. 1986 ఆగస్టు వరదలప్పుడు తప్ప ఆ నియమం తప్పలేదు. ఆ వరద భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి ఎక్కింది. లంకల్లో, దేవీపట్నం వైపు మునిగిన ఇంజన్లూ మోటార్లూ బురదతో బళ్ళ మీద వచ్చాయి. మూడు నెలలు రోజూ విప్పడం, కడగడం, ఆరబెట్టడం, బేరింగులు మార్చడం. కొంపలు పోయినవాళ్ళ దగ్గర సామాను డబ్బులే తీసుకున్నాను. మిగతావాళ్ళిచ్చిన దాంతో రెండో లేత్ కొన్నాను. ఆ మూడు నెలలు ఏటి గట్టు ఎక్కలేదు. దీపావళి నాటికి నేను నేను కాను. ఇంట్లో పిల్లల మీద అరిచేవాణ్ణి, చెయ్యి వణికేది, థ్రెడ్ తీస్తూ రెండు ముక్కలు పాడు చేశాను. మా ఆవిడే గాలం కర్ర చేతికిచ్చి ‘పోయిరండి’ అంది.

సీతపల్లి వాగు మీద, పాములేరు మీద, ఏలేరు మీద, దేవీపట్నం రేవులో నేను వెయ్యని చోటు లేదు. వానపాము ఎరకి జెల్లలు, పిండి ముద్దకి శీలావతి, బతికున్న చిన్నచేపకి కొర్రమేను. పులస నాకెప్పుడూ పడలేదు, అది గాలానికొచ్చే చేప కాదు, వలకే. వాలుగ ఒకసారి పట్టాను, తొమ్మిది కిలోలు, అరగంట పోరాడింది. గాలం వేసి కూర్చున్నవాడు బెండు కేసి చూస్తాడు. చూపు దూరం మీద నిలుస్తుంది, మెడ ఒంగదు. రోజంతా అడుగు దూరంలో టూల్ కొసని చూసినవాడికి అంతకన్నా విశ్రాంతి లేదు. కొండెక్కితే పిక్కలు కదులుతాయి, నిలబడి పేరుకున్న రక్తం కదులుతుంది. నేను యాభై దాటి పనిచేస్తున్నది కసరత్తు వల్ల కాదు, ఆ నడక వల్లే అని నాకు గట్టి నమ్మకం. నాతో పాటు నేర్చుకున్న నలుగురిలో ఆదివారం కూడా షెడ్డు తీసినవాళ్ళు ముగ్గురు, వాళ్ళు అరవై లోపే మానేశారు.

అసలు విషయానికొస్తాను. 2013లో వర్షాకాలం. నా మనవరాలికి అప్పుడు ఏడేళ్ళు. మారేడుమిల్లి దాటాక పాములేరు ఒడ్డున సాయంత్రం కూర్చున్నాం. ఉన్నట్టుండి అది రెండు చెవులూ మూసుకుని ‘తాతా, ఏంటీ రొద?’ అంది. ‘ఏ రొదమ్మా?’ అన్నాను. నాకు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. పక్కనున్న కొండరెడ్డి మిత్రుడు నవ్వి ‘కీచురాళ్ళు. ఇవాళ అడవి అంతా అవే’ అన్నాడు. నలభై ఏళ్ళుగా ఆ ఒడ్డున ఆ వేళకి కూర్చున్నవాణ్ణి. అవి ఎప్పుడు ఆగిపోయాయో నాకు తెలీదు. అవి ఆగలేదు, నేనే వినడం మానేశాను.

కాకినాడలో చెవి పరీక్ష చేయించుకున్నాను. డాక్టరు గీత చూపించారు. మాటలు వినబడే చోట గీత బాగానే ఉంది. నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర గోతిలో పడ్డట్టు దిగిపోయింది. అది చప్పుడు వల్ల వచ్చే చెవుడికి గుర్తట. లోపలి సన్న వెంట్రుకల కణాలు ఒకసారి పోతే మళ్ళీ మొలవవన్నారు. కీచురాళ్ళ గొంతు సరిగ్గా ఆ ఎత్తులోనే, దాని పైనే ఉంటుంది. సన్నగొంతు పిట్టలు కూడా అంతే.

లేత్ వల్ల కాదది. లేత్ చప్పుడు ఓ మోస్తరే. నా చెవులు తిన్నవి యాంగిల్ గ్రైండరు, సైలెన్సరు లేకుండా షెడ్డులోపలే నడిపి చూసిన ఆయిలింజన్లు. 85 డెసిబెళ్ళ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చు, ప్రతి 3 డెసిబెళ్ళు పెరిగితే ఆ సమయం సగమవుతుంది. లెక్క వేసి చూడు, 100 దగ్గర పావుగంటే. గ్రైండరు దాదాపు ఆ చప్పుడు చేస్తుంది. నేను రోజుకి గంటలకొద్దీ పట్టాను. దూదిని నూనెలో ముంచి పెట్టుకునేవాళ్ళం, అది పనికిరాదు. చెవులు కప్పే మఫ్‌లు మొదటి రోజే కొను. లేత్ కన్నా ముందు కొను. ఇంజన్ పరీక్ష బయట చెట్టు కింద పెట్టు.

ఇంకో సంగతి, పనికి సంబంధించిందే. మంచి టర్నర్ చెవితో పనిచేస్తాడు. టూల్ ముక్కు పోతున్నప్పుడు ముందు గొంతు మారుతుంది, తర్వాతే గీతలు కనబడతాయి. బేరింగు లోపల గుండు పగిలితే స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ పని నా కొడుకు చేసి నాకు చెబుతున్నాడు. నేను రజను రంగు చూస్తాను. హైస్పీడ్ టూల్‌తో కోస్తుంటే రజను తెల్లగానో లేత గడ్డి రంగులోనో రావాలి, నీలం తిరిగితే వేగం ఎక్కువైనట్టు. కన్ను అలా సాయం చేస్తోంది, అయినా చెవితో సమానం కాదు.

కొండలూ ఏరూ గుర్తొస్తున్నాయని రాశావు కాబట్టి కొన్ని జాగ్రత్తలు. నువ్వు ఆ కొండల్లోనే పుట్టావు, నాకన్నా తెలుసు, అయినా ఐదేళ్ళు బయట ఉన్నావు. రాత్రి పొలం గట్ల మీద నడవకు. అడవిపందుల కోసం దొంగగా కరెంటు తీగలు లాగుతున్నారు, పందుల బదులు మనుషులు పోతున్నారు. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం, పసరు వెయ్యడం వద్దు. కదలకుండా కూర్చోబెట్టి, విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. జ్వరం వస్తే అలసట అనుకోకు, రక్తపరీక్ష చేయించు, మన ఏజెన్సీలో మలేరియా తగ్గినా పోలేదు. రిజర్వాయర్లలో చేపలు మత్స్యకారుల సంఘాలవి, అడిగి గాలం వెయ్యి. నాకు ఎవరూ కాదనలేదు. పాపికొండల అడవి 2008 నుంచి జాతీయ ఉద్యానవనం, అక్కడ అనుమతి లేకుండా తిరగకూడదు. వేట మాట అసలు వద్దు. 1972 చట్టం వచ్చాక మా నాన్న కూడా ఉచ్చులు కాల్చేసి గాలంతో సరిపెట్టుకున్నాడు.

దీనికి ముడిపడ్డ ఒక విషయం నీకు ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. అడవి అంచున లేత్ పెట్టావంటే, ఏదో ఒక రాత్రి ఎవరో ఒకరు గొట్టం తెచ్చి ‘దీనికి బోరు తీసిపెట్టు’ అంటారు. అది నాటు తుపాకీకి. తెలిసినవాడే అయ్యుంటాడు, బంధువే అయ్యుండొచ్చు. లైసెన్సు లేకుండా తుపాకీ భాగం చెయ్యడం ఆయుధాల చట్టం కింద జైలుకి పోయే నేరం. నన్ను నాలుగుసార్లు అడిగారు. నాలుగుసార్లూ ముక్క చేతిలోకి కూడా తీసుకోలేదు. అడిగినవాళ్ళలో ఒకరు రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. పర్వాలేదు. ‘నాకు రాదు’ అని అబద్ధం చెప్పకు, రేపు నేర్పిస్తామంటూ మళ్ళీ వస్తారు. ‘చెయ్యను’ అని చెప్పు.

డబ్బు సంగతి క్లుప్తంగా. కొత్త మిషన్ వద్దు. ఆరడుగుల పాత లేత్ చాలు, రోటావేటర్ షాఫ్టు దాకా పట్టాలి కాబట్టి అంతకన్నా చిన్నది తీసుకోకు. కొనేటప్పుడు రంగు చూసి మోసపోకు. క్యారేజీని (టూల్‌ని మోసుకెళ్ళే బండి) చక్ దగ్గరా, అటు చివరా జరిపి చూడు. చక్ దగ్గర వదులుగా, అటు చివర బిగుతుగా ఉంటే బెడ్, అంటే క్యారేజీ జరిగే పట్టా, అరిగింది. ఒక రాడ్డు పట్టి ఇరవై సెంటీమీటర్లు కోయించి రెండు చివర్లా మైక్రోమీటర్ పెట్టు, ఆ తేడాయే మిషన్ జాతకం. చక్‌లో కడ్డీ బిగించి పైకి ఎత్తుతూ డయల్ గేజి పెట్టి చూస్తే చక్‌ని తిప్పే స్పిండిల్ బేరింగు సంగతి తెలుస్తుంది. లీడ్ స్క్రూ (థ్రెడ్ తీసేటప్పుడు క్యారేజీని జరిపే పొడుగు మర) అంగుళాలదైతే 127 పళ్ళ గేరు ఉందో లేదో అడుగు. అది లేకుండా దాని మీద ఖచ్చితమైన మెట్రిక్ థ్రెడ్ రాదు. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కదా, ఆ లెక్క 127తోనే కుదురుతుంది. చాలామంది అమ్మేటప్పుడు ఆ గేరు ఎక్కడో పారేసి ఉంటారు.

కరెంటు త్రీఫేజ్ కావాలి. వ్యవసాయ ఫీడర్ మీద అది రోజంతా ఉండదు. పైగా ఆ ఉచిత కరెంటు షెడ్డుకి వాడితే కేసు. పరిశ్రమ కనెక్షన్ ఎక్కడ దొరుకుతుందో చూసుకున్నాకే స్థలం అద్దెకి తీసుకో. అప్పు కావాలంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం ఉంది. పల్లెల్లో పెట్టే యూనిట్‌కి జనరల్ వాళ్ళకి 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళల్లాంటి వర్గాలకి 35 శాతం సబ్సిడీ వస్తుంది. జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడుగు, మధ్యవర్తులకి రూపాయి ఇవ్వకు. ఆర్నెల్లు ఇల్లు గడిచే డబ్బు చేతిలో పెట్టుకునే బాలానగర్ వదులు. మన దగ్గర రైతు పంట చేతికొచ్చాకే ఇస్తాడు. ఇస్తాడు, కానీ అప్పుడే ఇస్తాడు. నా పద్దు పుస్తకంలో రాకుండా పోయినవి మొత్తం మీద చాలా తక్కువ. మరణాల వల్ల పోయినవి ఉన్నాయి, ఎగ్గొట్టినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

పని ఎప్పుడు ఉంటుందో కూడా తెలుసుకో. మే చివర నుంచి ఆగస్టు దాకా పంపులూ దమ్ము సామానూ, నవంబరు, డిసెంబరుల్లో కోత మిషన్లు, సంక్రాంతి తర్వాత గానుగలు. మార్చి, ఏప్రిల్ ఖాళీ. ఖాళీ అని బెంగపడకు. ఏరులు సన్నబడి మడుగులు మిగిలే కాలం అదే, గాలానికి మంచి కాలం. నేను అప్పుడే మిషన్ విప్పి, శుభ్రం చేసి, నూనెలు మార్చి, బెడ్ మీద గ్రీజు పూసి నాలుగు రోజులు కొండ మీదికి పోతాను.

ఇప్పుడు నేను చేసేది పొద్దున ఏడు నుంచి పన్నెండు దాకా, కొడుకు పక్కన. బరువులు ఎత్తను, గ్రైండరు ముట్టను. సాయంత్రం నడక. దేవీపట్నం రేవులో నేను కూర్చునే రాయి పోలవరం నీళ్ళ కిందికి పోయింది, ఆ ఊళ్ళవాళ్ళు పునరావాస కాలనీలకి వచ్చేశారు. అందులో ఒకరిద్దరు నా దగ్గర పాత ఖాతాదారులే, ఇప్పుడు పంపులు లేవు, ఊరికే వచ్చి కూర్చుంటారు. అందుకని నేను ఎక్కువగా సీతపల్లి వాగు వైపే వెళుతున్నాను.

నువ్వు కొనబోయే లేత్ ఫోటో పెట్టు. బెడ్ చక్ దగ్గర, లీడ్ స్క్రూ మధ్యలో, గేరు పెట్టె మూత తీసి లోపల, ఈ మూడు దగ్గరగా తీసి పెట్టు. వీలైతే ఖాళీగా తిప్పి ఒక నిమిషం చప్పుడు కూడా రికార్డు చేసి పెట్టు. లావు గొంతు శబ్దం నేను వింటాను, సన్న గొంతుది మా వాడు విని చెబుతాడు.